పిల్లి బొచ్చు తీసే రీయూజబుల్ రోలర్: ఏ సోఫా మీద పనిచేస్తుంది, దేని మీద దండగ?

నమస్కారం అండి. సోఫా మీద పిల్లి బొచ్చు తీసే ఈ రీయూజబుల్ రోలర్ గురించి కొందరు తెగ మెచ్చుకుంటారు, ఇంకొందరు రెండు రోజులకే మూలన పడేస్తారు. వస్తువు ఒకటే. తేడా అంతా చెయ్యి ఆడించే తీరులో ఉంది, ఆ తర్వాత సోఫా గుడ్డలో ఉంది.

ముందు దీన్ని తిరగేసి చూపిస్తాను. డ్రమ్ము మీద రెండు పట్టీలున్నాయి కదా, మఖ్మల్ లాంటి గుడ్డ. వేలితో ఇటు నిమిరితే నున్నగా జారుతుంది, అటు నిమిరితే గరుగ్గా తగులుతుంది. రెండు పట్టీల నూగూ ఎదురెదురు దిక్కులకి వాలి ఉంటుంది, మధ్యలో రబ్బరు అంచు. పేరుకి రోలరే గానీ ఇది గిర్రున తిరగదు. ముందుకి తోస్తే కొంచెం తిరిగి ఆగిపోతుంది, ఒక పట్టీ బొచ్చు పట్టుకుంటుంది. వెనక్కి లాగగానే టక్‌మని అటు తిరిగి రెండో పట్టీ దిగుతుంది, మొదటి పట్టీకి అంటిన బొచ్చు వెనకున్న గదిలోకి పోతుంది.

అంటే దిశ మారినప్పుడే బొచ్చు లోపలికి వెళ్తుంది. జిగురు కాగితం చుట్టి ఉండే స్టిక్కీ రోలర్ అలవాటున్నవాళ్లు సోఫా ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే లాగు లాగేస్తారు. అప్పుడు బొచ్చంతా గీతలా పోగై ముందుకి జరుగుతుందే తప్ప గదిలోకి పోదు.

ఇలా చేయండి. పది, పదిహేను సెంటీమీటర్లు చాలు. ముందుకి, వెనక్కి, గబగబా, టక్ టక్ వినపడాలి. ఒకే చోట ఐదారు సార్లు ఆడించి, రోలర్ వెడల్పులో సగం పక్కకి జరగండి. టక్ వినపడలేదంటే మరీ తేలిగ్గా పట్టుకున్నారు, లేదా కింద గుడ్డ వదులుగా ఉంది. కుషన్ కవర్‌ని రెండో చేత్తో బిగలాగి పట్టండి. దుప్పటైతే పరుపు మీద పరిచి ఒక అంచు అదిమి పెట్టండి, లేకపోతే రోలర్‌తో పాటు అదీ వచ్చేస్తుంది. అలాగని బలంగా నొక్కొద్దు, బొచ్చు నేతలోకి దిగిపోతుంది, డ్రమ్మూ బిగుసుకుంటుంది.

ఇంకో మాట, లిట్టర్ గింజలు, అంటే పిల్లి మలమూత్రాల ట్రేలో పోసే గింజలు. పిల్లి కాళ్లకి అంటుకుని సోఫా మీదికి వస్తాయి. ఒక్క గింజ డ్రమ్ముకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటే డ్రమ్ము ఆగిపోతుంది, పట్టీ కూడా గీసుకుపోతుంది. ముందు చేత్తో దులిపి మొదలుపెట్టండి.

ఇక గుడ్డల సంగతి. మైక్రోఫైబర్, దగ్గర నేత కాటన్, పొట్టి నూగున్న వెల్వెట్ మీద దీని పని నిజంగా బాగుంటుంది. కొంచెం వదులు నేత ఉన్న నార గుడ్డ, ముతక కాన్వాస్ మీద సగమే వస్తుంది. దగ్గరగా చూడండి: మెత్తటి సన్న బొచ్చు పోయింది, గట్టి పొట్టి వెంట్రుకలు మాత్రం సూదుల్లా నేత సందుల్లో నిలబడి ఉన్నాయి. రోలర్ వాటి మీదుగా జారిపోతుంది. వీటికి రబ్బరు గ్లవ్ కొద్దిగా తడిపి, ఒకే వైపుకి రుద్దండి. బొచ్చు వత్తిలా చుట్టుకుని బయటికొస్తుంది. ఆ చోటు పూర్తిగా ఆరాకే మళ్లీ రోలర్ పెట్టండి.

బూక్లే, షెనిల్ లాంటి పోగులు లేచిన గుడ్డలకి నేనైతే దీన్ని వాడమని చెప్పను. పిల్లి గోళ్లతో లాగిన పోగులు డ్రమ్ముకి చుట్టుకుంటే ఇంకా ఊడి వస్తాయి. లెదర్, రెగ్జిన్ అయితే అసలు కొనక్కర్లేదు. పట్టు దొరక్క డ్రమ్ము జారుతుంది, తడిగుడ్డ చాలు. సీటుకీ వీపుకీ మధ్య సందులోకి, కుట్ల పక్కకి కూడా ఇది దూరదు. చిక్కేమిటంటే బొచ్చు ఎక్కువగా చేరేది అక్కడే. వ్యాక్యూమ్ క్లీనర్ సన్న నాజిల్ గానీ గ్లవ్ గానీ వాడాల్సిందే.

రోలర్‌లో బొచ్చు చేరే గది సగం నిండగానే ఖాళీ చేయండి. నిండా నింపితే తీసిన బొచ్చే తిరిగి సోఫా మీద పడుతుంది. వెనక బటన్ నొక్కితే మూత లేస్తుంది, లోపల బొచ్చు నొక్కుకుపోయి చిన్న దూది పలకలా వస్తుంది. పట్టీ అంచుల్లో మిగిలినదాన్ని పాత టూత్‌బ్రష్‌తో, నూగు వాలిన వైపుకే దువ్వండి. మన తల వెంట్రుకలు ఇరుసు చివర్లలో చుట్టుకుంటాయి, చిన్న కత్తెరతో కత్తిరించి లాగేయండి. కుళాయి కింద మాత్రం కడగొద్దు. నీళ్లు తగిలితే నూగు ముద్దకట్టి పట్టు పోతుంది. కొన్నాళ్లు వాడాక పట్టీని రెండు వైపులా నిమిరి చూడండి. రెండు వైపులా ఒకేలా నున్నగా తగిలితే నూగు అరిగినట్టే.

కడుక్కునే జెల్ రోలర్ తీసుకోవచ్చా అంటే, బట్టలకైతే సరే. సోఫా మీద రెండు మూడు చుట్లకే జిగురు పోతుంది, కడగాలి, ఆరాలి, మళ్లీ మొదలు. ఓపికుంటే మీ ఇష్టం.

అలర్జీ కోసం కొనేవాళ్లు ఇది వినండి. పిల్లి అలర్జీకి ముఖ్య కారణం ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి లాలాజలంలో, చర్మంలోని నూనె గ్రంథుల్లో తయారవుతుంది, పిల్లి నాక్కున్నప్పుడు ఒళ్లంతా పాకి, చర్మం నుంచి రాలే పొట్టుతో కలిసి రాలుతుంది. బొచ్చు కనపడకపోయినా ఆ సన్నటి పొట్టు కుషన్‌లో ఉంటుంది, ఈ రోలర్ దాన్ని పూర్తిగా తీయలేదు. రోలర్ అయ్యాక చాలా సన్నటి దుమ్మునీ పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టండి, కవర్లు ఊడివచ్చేవైతే ఉతకండి. రోలర్ గది ఖాళీ చేసేటప్పుడు మూతి ముక్కు కప్పేలా మాస్క్ వేసుకుని, మూత తెరిచే పని బయట చేయండి, లేదా అలర్జీ లేనివాళ్లతో చేయించండి.