బొల్గ్యో బురదనేలల్లో బుడిత గుల్లల విందు

అందరికీ నమస్కారం. ఈరోజు నేను దక్షిణ కొరియాలో, దక్షిణ జొల్లా ప్రాంతంలోని బొసొంగ్ జిల్లాకు చెందిన బొల్గ్యో అనే చిన్న పట్టణానికి వచ్చాను. సున్‌చొన్ నుంచి రైల్లో అరగంట ప్రయాణం. ఇక్కడి హోటళ్ల బోర్డులమీద ఎక్కడ చూసినా కొమక్ అన్న పేరే కనిపిస్తుంది. కొమక్ అంటే బురదలో బతికే, రెండు చిప్పలున్న గుల్ల. కాకినాడ తీరంలో మనవాళ్లు బుడిత గుల్ల అనేదీ, ఇక్కడివారు చామ్‌కొమక్ అనేదీ ఒకే జాతి.

బజారులో రెండు రకాలను పక్కపక్కనే పోసి అమ్ముతున్నారు. చామ్‌కొమక్ చిప్పమీద 17, 18 లోతైన గట్లు ఉంటాయి. సేకొమక్‌కు 30కి పైగా సన్నని గట్లు, వాటిమీద నూగు ఉంటాయి. ఈ రెండోది చవక, ఎందుకంటే దాన్ని నీటి అడుగు నుంచి పడవలతో ఎత్తుకొస్తారు. మొదటిదాన్ని పోటు తీసినప్పుడు బయటపడే బురదలోకి మనిషే వెళ్లి ఏరాలి.

ఆ ఏరే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. యొజా అఖాతపు బురదలో అడుగుపెడితే కాలు దిగబడిపోతుంది కనుక, ముందు కొన పైకి వంగిన పొడవాటి చెక్కపలకమీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో బురదను వెనక్కి నెడుతూ జారిపోతారు. గడ్డకట్టే చలికాలంలో ఈ పని చేసేది ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలే. 2015లో కొరియా ప్రభుత్వం ఈ పలకల వేటను జాతీయ మత్స్య వారసత్వంగా గుర్తించింది. 2021లో ఈ బురదనేలలు యునెస్కో జాబితాలో చేరాయి. ఆ గౌరవం ఎప్పుడో దక్కవలసింది. అయితే చామ్‌కొమక్ దిగుబడి మునుపటితో పోలిస్తే బాగా పడిపోయిందన్నది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఇక భోజనం. ఉడికించిన గుల్లలు, గుల్లలు వేసి పోసిన అట్టు, పులుపూ కారమూ కలిపి అన్నంలో కలుపుకునే కూర, సోయా ముద్దతో కాచిన పులుసు అన్నీ ఒకేసారి వడ్డిస్తారు. గుల్లలను మరీ మరగనివ్వకుండా, గరిటెను ఒకే వైపు తిప్పుతూ, చిప్పలు పూర్తిగా విచ్చుకోకముందే దించేస్తారు. అందుకే చిప్ప మూసుకునే ఉంటుంది. చూడండి, వెనకవైపు రెండు చిప్పలు కలిసే కీలు దగ్గర చెంచా కొన పెట్టి మెలితిప్పితే టక్కున తెరుచుకుంటుంది. లోపలి ఎర్రని రసాన్ని చూసి పచ్చిగా ఉందని అనుకోకండి. మన రక్తంలో ఉన్నట్టే దీనిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, ప్రాణవాయువు తక్కువగా దొరికే బురదలో బతకడానికి అదే దానికి ఆధారం. ఆ రసంతోపాటే తినాలి, ఉప్పు కూడా వేరుగా అక్కరలేదు.

మీరు వచ్చేటట్లయితే నవంబరు నుంచి మార్చి లోపు రండి. ధర ఎక్కువైనా సరే, ఒక చిన్న పళ్లెమైనా చామ్‌కొమక్ అడిగి తెప్పించుకోండి.