‘నెక్స్ట్’ నొక్కేముందు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు మానుకుని ద్వారకానగర్ దాకా వచ్చారు, అందుకని తిన్నగా విషయంలోకి వెళ్తాను.

బ్రౌజర్ తెరిస్తే మీరు పెట్టుకోని సెర్చ్ పేజీ వస్తోందా? రైలు టైము చూస్తుంటే మూలనుంచి ‘మీ సిస్టంలో వైరస్ ఉంది’ అని డబ్బా లేస్తోందా? చాలావరకు అది యాడ్‌వేర్, అంటే అడగని ప్రకటనలు చూపించే ప్రోగ్రామ్, పనే. ‘ప్రకటనలే కదా, మూసేస్తే పోతుందిలే’ అంటారు మనవాళ్లు. నా పేచీ ఆ మాటతోనే.

లెనోవో సంగతి వినండి. 2014లో ఆ కంపెనీ కొన్ని లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రామ్ ముందే వేసి అమ్మింది. మీరు చూస్తున్న వస్తువులాంటివే వేరే దుకాణాల్లో ఉన్నాయని చూపించడం దాని పని. కానీ అడ్రస్ పక్కన తాళం గుర్తున్న భద్రమైన పేజీల్లోకి బయటివాడు ప్రకటన దూర్చలేడు కదా! అందుకని అది విండోస్‌లో తన సొంత రూట్ సర్టిఫికెట్ (ఏ సైటు అసలైనదో కంప్యూటర్ దేన్ని నమ్మి తేలుస్తుందో ఆ మూల పత్రం) పెట్టేసుకుని, బ్యాంకు సైటుకు కూడా అప్పటికప్పుడు దొంగ సర్టిఫికెట్ తయారుచేసేది. తాళం గుర్తు మాత్రం యథాతథంగా కనిపించేది. ఆ దొంగ సర్టిఫికెట్ల మీద ముద్ర వేసే రహస్య తాళంచెవి, అంటే ప్రైవేట్ కీ, అన్ని మెషీన్లలోనూ ఒకటే. ఎంవీపీ కాలనీ ఇళ్లన్నిటికీ ఒకే తాళంచెవి చేయించినట్టు! 2015 ఫిబ్రవరిలో ఒక పరిశోధకుడు ఆ కీని కాపాడే పాస్‌వర్డ్ బయటపెట్టాడు. ఏమిటనుకున్నారు? సూపర్‌ఫిష్ వాడుకున్న ఆ దొంగ సర్టిఫికెట్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసిన సంస్థ పేరే, కొమోడియా. ఇక ఒకే వైఫైలో కూర్చున్న దొంగ ఆ లాప్‌టాప్‌కు మీ బ్యాంకు పేజీలా నటించగలిగేవాడు. ప్రకటన వేసినవాడు మీ డబ్బు ముట్టుకోలేదు, నిజమే. తలుపు మాత్రం తీసిపెట్టి పోయాడు.

మన ఇళ్లకు ఇది ఎక్కువగా ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట వస్తుంది. పీడీఎఫ్ కన్వర్టరో, వీడియో డౌన్‌లోడరో వేసుకుంటాం. తోడుగా మరో రెండు దిగుతాయి. ఒక్కో ఇన్‌స్టాల్‌కి ఇంతని ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకు ముడుతుంది. ‘ఎక్స్‌ప్రెస్’ కాకుండా ‘కస్టమ్’ ఎంచుకుంటే ఆ తోడు ప్రోగ్రాములకు ముందే పెట్టిన టిక్కులు బయటపడతాయి, తీసేయవచ్చు. టిక్కు తీయలేదు కనుక చట్టం దృష్టిలో మీరు ఒప్పుకున్నట్టే అని వాళ్ల వాదన. నాకది ఒప్పుకోలులా కనబడదు.

మరో దారి, ఏదో సైటు అడిగిందని నోటిఫికేషన్లకు ‘అలో’ కొట్టడం. అలా వచ్చే ప్రకటనలకు ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేస్తే చాలు. డబ్బాలో కనిపించే ఫోన్ నంబరుకు మాత్రం చచ్చినా చేయకండి. ఇప్పటికే చేసి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.

లాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఇటు రండి. బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు, అంటే ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, మీరు వేసుకోనివి ఎన్నున్నాయో చూద్దాం.