ఆర్మీ ఇచ్చిన 36 నెలలు: మావారి కమ్యూనిటీ కాలేజీ చదువు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? మా శాన్ ఆంటోనియో పక్కన హెలోటస్ గుడికి వెళ్ళినా, ఎవరింట్లో వ్రతానికి వెళ్ళినా నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మీవారు ఆర్మీ వదిలేసి కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నారట కదా, ఫీజులెలా? ఇల్లెలా గడుస్తోంది?" అని. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఈ రోజు ఆయనకి బాక్స్ సర్దుతూ మొత్తం మీకు చెప్తాను. పప్పు కుక్కర్లో ఉంది, బెండకాయలు తరుగుతున్నాను.

ముందు, మనవాడు అమెరికా ఆర్మీలోకి ఎలా వెళ్ళాడన్నది చెప్పాలి. ఆయన ఇక్కడికి ఎఫ్ 1 వీసా మీద ఎం.ఎస్. కోసం వచ్చారు. అప్పట్లో మావ్ని అనే ప్రోగ్రామ్ ఉండేది. గ్రీన్ కార్డు లేకపోయినా, చట్టబద్ధమైన వీసా మీద ఉన్నవాళ్ళలో సైన్యానికి పనికొచ్చే భాషలు వచ్చినవాళ్ళనీ, డాక్టర్లనీ, నర్సులనీ తీసుకునేవారు. 2009లో మొదలైంది, 2016లో ఆగిపోయింది. మన కుర్రాళ్ళు చాలామంది ఆ దారిలోనే వెళ్ళారు. సంతకం పెట్టాక బ్యాక్‌గ్రౌండ్ చెక్ తేలక ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మావారు 2015లో చేరారు. సౌత్ కరొలినాలో ఫోర్ట్ జాక్సన్‌లో బేసిక్ ట్రైనింగ్ అయ్యేసరికి పౌరసత్వం వచ్చింది. తర్వాత మా ఊళ్ళోనే, ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో మెడిక్ ట్రైనింగ్, అంటే గాయపడ్డ సైనికులకి వైద్యం చేసే పని. ఆర్మీ మెడిక్‌లందరూ తయారయ్యేది ఇక్కడే. ఏడేళ్ళు ఆ పనే చేశారు. ఆ ఏడేళ్ళలో కంప్యూటర్ మీద మనసు పోయి, మనుషుల మీద కుదిరింది. బయటికొచ్చాక నర్సు అవుతానన్నారు.

మా అత్తగారిది తాడేపల్లిగూడెం దగ్గర. పక్కనే మిలిటరీ మాధవరం. ఇంటింటికీ సైనికుడున్న ఊరని పేరు. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళని ఆవిడ చిన్నప్పటి నుంచీ చూస్తున్నారు. "మన వైపు ఎక్స్ సర్వీస్‌మన్ కోటాలో బ్యాంకులోనో, రైల్వేలోనో చేరతారు. నువ్వు బీటెక్ చదివి, ఎం.ఎస్. చదివి, మళ్ళీ పుస్తకాలు పట్టుకోవడమేంటి నాన్నా?" అన్నారు ఫోన్లో. ఆవిడ అడిగింది న్యాయమే. ఇండియాలో మాజీ సైనికుడికి ప్రభుత్వం ముఖ్యంగా ఉద్యోగంలో కోటా ఇస్తుంది, చదువు స్కాలర్‌షిప్పులు ఎక్కువగా పిల్లలకి. ఇక్కడ సైనికుడి చేతికే చదువు ఇస్తారు. దాన్నే అందరూ జీఐ బిల్ అంటారు.

ఇది ఇవాళ్టిది కాదండీ. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతుండగానే, 1944 జూన్ 22న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఈ చట్టం మీద సంతకం పెట్టారు. 1947 నాటికి అమెరికా కాలేజీల్లో చేరినవాళ్ళలో 49 శాతం మంది యుద్ధం నుంచి వచ్చినవాళ్ళే. అదే ఏడాది ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన కమిషన్, ఊరూరా తక్కువ ఫీజుతో కమ్యూనిటీ కాలేజీలు ఉండాలని సిఫార్సు చేసింది. ఇంటి దగ్గర కాలేజీలో సైనికుడు చదవడం అన్నది ఈ దేశంలో పాత అలవాటే. మనవాళ్ళలో కొందరు "అయ్యో, కమ్యూనిటీ కాలేజా" అని మొహం అదోలా పెడతారు. నాకు నచ్చదు. మా ఊరి శాన్ ఆంటోనియో కాలేజీ 1925 నుంచీ ఉంది. ఇక్కడ ఆసుపత్రిలో మీకు సెలైన్ ఎక్కించే నర్సుల్లో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీతో వచ్చినవాళ్ళు బోలెడంత మంది. నాలుగేళ్ళ డిగ్రీ వాళ్ళు రాసేదీ, వీళ్ళు రాసేదీ ఒకటే లైసెన్స్ పరీక్ష, ఎన్‌క్లెక్స్.

ఇప్పుడు డబ్బు సంగతి. 2001 సెప్టెంబర్ 10 తర్వాత పనిచేసినవాళ్ళకి వర్తించేది పోస్ట్ నైన్ ఎలెవన్ జీఐ బిల్, 2009 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. యాక్టివ్ డ్యూటీ, అంటే పూర్తికాల సైనిక సేవ, మొత్తం 36 నెలలు దాటితే నూటికి నూరు శాతం వస్తుంది, తక్కువైతే మెట్లు మెట్లుగా తగ్గుతుంది. ప్రభుత్వ కాలేజీ అయితే ఆ రాష్ట్రం వాళ్ళకుండే ట్యూషన్, ఫీజులు మొత్తం వీఏ, అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ, నేరుగా కాలేజీకే కడుతుంది. పుస్తకాలకి ఏడాదికి 1,000 డాలర్ల వరకూ మన ఖాతాలో వేస్తారు, క్రెడిట్‌కి, అంటే కోర్సుల్ని కొలిచే యూనిట్‌కి, 41.67 డాలర్ల చొప్పున. వీటన్నిటికంటే మా ఇల్లు నిలబెట్టేది ఇంటి అలవెన్స్. కాలేజీ ఏ జిప్ కోడ్‌లో ఉందో అక్కడ ఒక సార్జెంట్‌కి, అంటే భార్యాపిల్లలున్న ఈ 5 ర్యాంకు వాళ్ళకి, సైన్యం ఎంత ఇంటి భత్యం ఇస్తుందో అంత.

ఇక్కడ కాస్త ఆగి చెప్తాను. ఆ అలవెన్స్ కాలేజీ పేరుని బట్టి కాదు, జిప్ కోడ్‌ని బట్టి. పక్కన పెద్ద యూనివర్సిటీలో చేరినా, కమ్యూనిటీ కాలేజీలో చేరినా దాదాపు అదే డబ్బు. కానీ జీఐ బిల్‌ని డాలర్లలో లెక్కపెట్టరు, నెలల్లో లెక్కపెడతారు. మొత్తం 36 నెలలు. ప్రీపెయిడ్ రీఛార్జిలో రోజులు తరిగినట్టు తరుగుతాయి, మీరు ఖరీదైన క్లాసులో కూర్చున్నా, చవక క్లాసులో కూర్చున్నా. అందుకే తక్కువ ఫీజున్న కాలేజీలో నెలలు ఖర్చుపెట్టడం దండగ అనే వాళ్ళున్నారు. మేమిద్దరం కాగితం పెన్నూ పెట్టుకుని కూర్చున్నాం. ఒక విద్యా సంవత్సరం అంటే సుమారు తొమ్మిది నెలలు, కాబట్టి 36 నెలలు నాలుగేళ్ళ చదువు. రెండేళ్ళు ఇక్కడ నర్సింగ్‌కి పోతే, బీఎస్సీ నర్సింగ్‌కి మిగతా సగం ఉంటుంది. మధ్యలో ఆర్‌ఎన్‌గా, అంటే లైసెన్స్ ఉన్న నర్సుగా, ఉద్యోగం చేస్తూనే అది చదవొచ్చు. మాకు ఇదే సరిపోయింది. డాక్టరేటో, లాయర్ చదువో మనసులో ఉన్నవాళ్ళ లెక్క వేరేగా ఉంటుంది. వాళ్ళు ఖరీదైన ఏళ్ళ కోసం నెలలు దాచుకోవడమే మంచిది.

చాలామంది వెటరన్లు, అంటే మాజీ సైనికులు, కమ్యూనిటీ కాలేజీలో పెల్ గ్రాంట్ కూడా తీసుకుంటారు. అది ఆదాయం తక్కువున్న విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే సాయం. ఆ సాయానికి నింపే ఫాఫ్సా ఫారంలో జీఐ బిల్ డబ్బుని ఆదాయంగా చూపించక్కర్లేదు, పైగా వెటరన్ అంటే అమ్మానాన్నల ఆదాయం అడగరు. కానీ మావారికి పెల్ రాదు. ఒకసారి బ్యాచిలర్స్ అయిపోతే, అది మన దగ్గర చదివిన బీటెక్ అయినా సరే, పెల్‌కి అర్హత పోతుంది. జీఐ బిల్‌కి ఆ పట్టింపు లేదు. ఇప్పటికే డిగ్రీలున్నా ఇంకో డిగ్రీకి వాడుకోవచ్చు. మన తెలుగువాళ్ళ ఇళ్ళకి ఇది చాలా ముఖ్యమైన సంగతి, ఎందుకంటే మనలో డిగ్రీ లేకుండా సైన్యంలో చేరినవాళ్ళు తక్కువ.

అప్లికేషన్ పెద్ద కష్టం కాదు. వీఏ వెబ్‌సైట్లో 22-1990 ఫారం నింపితే అర్హత పత్రం వస్తుంది. అది, సర్వీసు పూర్తయిన కాగితం డీడీ 214, రెండూ కాలేజీలో ఇవ్వాలి. ప్రతి కాలేజీలోనూ స్కూల్ సర్టిఫైయింగ్ అఫీషియల్ అని ఒకరుంటారు. మీరు ఎన్ని క్రెడిట్లు తీసుకున్నారో వీఏకి రాసి పంపేది ఆయనే, లేదా ఆవిడే. సెమిస్టర్ మొదట్లో వాళ్ళ గది ముందు క్యూ ఉంటుంది, రిజిస్ట్రేషన్ అవగానే వెళ్ళి కలవండి.

డిగ్రీ ప్లాన్‌లో ఉన్న క్లాసులకే డబ్బు. మావారికి ఫొటోగ్రఫీ అంటే ప్రాణం, ఒక క్లాసు తీసుకుందామనుకున్నారు. నర్సింగ్ ప్లాన్‌లో లేదు కాబట్టి అది సొంత జేబులోంచే. అలాగే పాత చదువుల ట్రాన్స్‌క్రిప్టులు అన్నీ ఇవ్వాల్సిందే, ఇప్పటికే క్రెడిట్ ఉన్న సబ్జెక్టుని మళ్ళీ చదవడానికి వీఏ ఇవ్వదు. ఆర్మీ ట్రైనింగ్‌కి జాయింట్ సర్వీసెస్ ట్రాన్స్‌క్రిప్ట్ అని ఒకటుంది, ఆయన మెడిక్ శిక్షణ అందులో కాలేజీ క్రెడిట్ల రూపంలో సిఫార్సు చేసి ఉంటుంది. ఏది తీసుకోవాలన్నది కాలేజీ ఇష్టం. అనాటమీ అండ్ ఫిజియాలజీ మాత్రం ఆయన మొదటి నుంచీ చదవాల్సి వచ్చింది. యుద్ధ గాయాలకి కట్టు కట్టిన మనిషి పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని ఎముకల పేర్లు బట్టీ పడుతుంటే నాకు గర్వంగానే ఉంటుంది. మా పాప రెండో క్లాసు. ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర చెరో వైపు కూర్చుని చదువుకుంటారు. పాప ఫ్లాష్ కార్డులు పట్టుకుని నాన్నని ప్రశ్నలడుగుతుంది.

కుక్కర్ మూడు కూతలు వచ్చాయి, పోపు పెట్టేస్తాను.

క్రెడిట్ల లెక్క ఇంటి బడ్జెట్‌ని నేరుగా తాకుతుంది. మామూలు సెమిస్టర్‌లో 12 క్రెడిట్లు ఫుల్ టైమ్. 7 తీసుకుంటే అలవెన్స్ 60 శాతం. 6 తీసుకుంటే సగమే కదా అనుకుంటారు, కాదు, అసలేమీ రాదు. సగం కంటే ఎక్కువ ఉండాలి. అన్నీ ఆన్‌లైన్ క్లాసులే అయితే దేశ సగటులో సగమే ఇస్తారు. అందుకే ఒక్క క్లాసైనా క్యాంపస్‌లో కూర్చునేది పెట్టుకుంటారు అందరూ. నెల గడిచాక డబ్బు వస్తుంది. సెమిస్టర్‌కీ సెమిస్టర్‌కీ మధ్య సెలవుల్లో రాదు. డిసెంబర్ సగం, జనవరి సగం మాకు చేయి బిగించుకునే రోజులు, నేను డెంటల్ ఆఫీసులో చేసే పనితోనే నెట్టుకొస్తాం. ఆగస్టు అలవెన్స్‌లోంచే కొంచెం పక్కన పెడుతూ వస్తాను. నెలాఖరున వీఏ నుంచి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఇంకా చదువుతున్నారా అని. అవునని జవాబివ్వాలి. వరుసగా రెండు నెలలు ఇవ్వకపోతే అలవెన్స్ ఆపేస్తారు.

మధ్యలో క్లాసు వదిలేయడం గురించి గట్టిగా చెప్తున్నాను. మావారి బ్యాచ్‌లో ఒకాయన కెమిస్ట్రీ కష్టంగా ఉందని సగంలో మానేశారు. కొన్ని వారాలకి ఇంటికి ఉత్తరం వచ్చింది, ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమని. మొదటిసారి ఆరు క్రెడిట్ల వరకూ మినహాయింపు ఉంటుంది, ఆ తర్వాత అనారోగ్యం లాంటి సరైన కారణం రుజువు చేయాలి. మానేయాలనిపిస్తే ముందు సర్టిఫైయింగ్ అఫీషియల్ దగ్గరికి వెళ్ళండి. ట్యూటర్ కోసం వీఏ నెలకి 100 డాలర్ల వరకూ విడిగా ఇస్తుంది, దాన్ని వాడుకున్నవాళ్ళు మాకు తెలిసి తక్కువ.

టెక్సాస్‌లో ఇంకొక వరం ఉంది, హేజిల్‌వుడ్ చట్టం. టెక్సాస్ నుంచి సైన్యంలో చేరి, మంచి డిశ్చార్జ్‌తో, అంటే మచ్చ లేకుండా సర్వీసు ముగించి, వచ్చినవాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ గంటల వరకూ ట్యూషన్ మాఫీ. పుస్తకాలకీ, అద్దెకీ ఇవ్వరు. జీఐ బిల్ నెలలు అయిపోయాక ఎంతోమందికి ఇదే ఆసరా. వాడని గంటలు పిల్లలకి కూడా ఇవ్వొచ్చు. మావారు డాలస్ నుంచి చేరారు కాబట్టి మా పాపకి ఆ దారి ఉంది.

ఇంకా యూనిఫాంలో ఉన్న తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ ఒక మాట. జీఐ బిల్‌ని భార్యకో, భర్తకో, పిల్లలకో బదిలీ చేయాలంటే సర్వీసులో ఉండగానే చేయాలి. ఆరేళ్ళు పూర్తయి, ఇంకో నాలుగేళ్ళు ఉంటానని ఒప్పుకోవాలి. బయటికొచ్చాక ఎంత బతిమాలినా కుదరదు. మావారు ఆ నాలుగేళ్ళు ఉండదలుచుకోలేదు, ఇద్దరం మాట్లాడుకునే బయటికి వచ్చాం. మీరు కూడా డిశ్చార్జ్ తేదీ ఖాయం కాకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఇప్పటికే బయటికొచ్చేసి, చదువు ఏళ్ళ తరబడి పక్కన పెట్టినవాళ్ళు కంగారు పడకండి. 2013 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ డిశ్చార్జ్ అయితే మీ నెలలకి గడువు తేదీ లేదు. నలభైలో మొదలుపెట్టినా, యాభైలో మొదలుపెట్టినా అవి మీవే, మీరు కష్టపడి సంపాదించుకున్నవి.