సైకిల్‌కి ఇంట్లో ఏ పనిముట్లు పెట్టుకోవాలి?

శ్రోతలందరికీ నమస్కారం. సైకిల్ పనులు ఇంట్లోనే చేసుకుందామని అనుకోగానే చాలామంది నలభై యాభై పనిముట్లున్న పెద్ద పెట్టె కొనేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వాటిలో చాలావరకు మీ సైకిల్‌కి పట్టనే పట్టవు, పట్టేవి కూడా నాసిరకానివైతే నాలుగు రోజుల్లో అరిగిపోతాయి. ముందు సైకిల్ పక్కన తీరిగ్గా కూర్చుని ఎక్కడ నట్టు ఉంది, ఎక్కడ ఆలెన్ బోల్టు (తలలో ఆరు పలకల గుంట ఉండేది) ఉంది, ఏది ఏ సైజు అని ఒక కాగితం మీద రాసుకోండి. కొనాల్సినవేంటో ఆ కాగితమే చెప్తుంది.

ఇప్పటి సైకిళ్లలో ఎక్కువ పని ఆ గుంటలో పెట్టి తిప్పే ఆలెన్ కీలదే. 2 నుంచి 8 మిల్లీమీటర్ల వరకు ఉన్న సెట్టు చాలు, అందులోనూ 4, 5, 6 సైజులే మాటిమాటికీ చేతికొస్తాయి. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే అని నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే మెత్తటి లోహంతో చేసిన కీ అంచులు బలంగా తిప్పినప్పుడు అరిగి గుండ్రంగా అయిపోతాయి, అది జారినప్పుడల్లా బోల్టు తలలోని ఆరు పలకల గుంట కూడా కొంచెం కొంచెం చెడుతుంది, చివరికి ఏ కీ పెట్టినా ఊరికే తిరుగుతుంది. అప్పుడు ఆ బోల్టుని డ్రిల్లింగ్ చేసి తీయాల్సి రావచ్చు. కొనేముందు కీని ఒక బోల్టులో పెట్టి అటూఇటూ కదపండి, లొడలొడలాడితే వద్దు. వాడేటప్పుడు గుంటలో మట్టి ఉంటే తీసేసి, కీని అడుగుదాకా దించాకే తిప్పండి.

హ్యాండిల్ దగ్గరి బోల్టుల పక్కన చాలాసార్లు 5 ఎన్ఎం అనో 6 ఎన్ఎం అనో రాసి ఉంటుంది, ఎన్ఎం అంటే న్యూటన్ మీటర్, బిగింపు బలానికి కొలత, అంతకు మించి బిగించవద్దని అర్థం. మీది కార్బన్ ఫైబర్‌తో చేసిన సైకిల్ అయితే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి తప్పక కొనండి, చేతి అంచనాతో బిగిస్తే కార్బన్ పగిలే ప్రమాదం ఉంది.

పంక్చర్లకు ప్లాస్టిక్ టైరు లీవర్లు రెండు మూడు, ఒక ప్యాచ్ కిట్ చాలు, ఇనుప లీవర్లైతే ట్యూబుని నొక్కి చింపేస్తాయి, రిమ్ముని గీరేస్తాయి. పంపు మాత్రం నేల మీద నిలబెట్టి కొట్టేది, గాలి ఎంతుందో చూపే గేజ్ ఉన్నది తీసుకోండి, మీ ట్యూబు వాల్వుకి సరిపోతుందో లేదో చూసుకోండి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే ముద్రించి ఉంటుంది.

పెడల్ తీయడానికి చాలా సైకిళ్లకు 15 సైజు పానా పడుతుంది, కొన్నిటికి వెనకవైపు నుంచి ఆలెన్ కీ. ఎడమ పెడల్‌కి మరలు తిరగేసి ఉంటాయి, పెడల్ వైపు నుంచి చూస్తూ మామూలు నట్టు బిగించే వైపు తిప్పితేనే అది ఊడుతుంది. ఇది తెలియక బలమంతా పెట్టేవాళ్లు ఎందరో!

చైన్ అరిగిందో లేదో చూడ్డానికి అంగుళాలున్న స్కేలు ఉంటే చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే కొత్త చైన్‌లో 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యలోకి వస్తుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు పక్కకు పోయిందంటే చైన్ మార్చండి. ఎనిమిదో వంతుదాకా ఆగితే పళ్ల చక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, ఖర్చు చైన్‌తో పోదు. చైన్ మార్చే రోజు వచ్చినప్పుడు, పిన్నుని తోసి చైన్ విప్పే చైన్ టూల్ కొనుక్కోండి, ఇప్పుడే అక్కర్లేదు.

రెండు పెడల్ కాడలనూ కలిపే మధ్య ఇరుసు దగ్గరి బేరింగులు తీసే పనిముట్లు మాత్రం కొనకండి. వాటిలో రకాలు బోలెడు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు, పైగా ఏళ్లకోసారి వచ్చే పని, మెకానిక్‌కి ఇచ్చేయండి.