పెరట్లో పనిలేని పైపు

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ సత్యనారాయణపురంలో మాది పాత ఇల్లు. పెరట్లో ఉండే వాషింగ్ మెషీన్‌ని మేడ మీదికి మార్చాం. మెషీన్ వెళ్ళింది గానీ, దాని నీళ్లు పోయే పైపు గోడవారన జానెడెత్తున నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. రోహిణి కార్తె వచ్చేదాకా దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అప్పుడు మొదలైంది కంపు, వెనకే బొద్దింకలు.

పైపు కింద వంపులో, అదే ట్రాప్‌లో, కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి. డ్రైనేజీ గాలిని ఆపేది ఆ నీళ్లే. రోజూ వాడే పైపులో అవి మారుతుంటాయి. వాడని పైపులో, రోళ్లు పగిలే ఎండకి ఆవిరైపోతాయి.

మా అత్తగారు పాలిథిన్ కవరు చుట్టి పురికొసతో బిగించారు. ఎలుక కొరికేసింది. నేను పాత తువ్వాలు కుక్కాను. వానకి తడిసి, బరువెక్కి, లోపలికి జారిపోయింది. దాన్ని ఇనుప కొక్కెంతో లాగడానికి ఒక పూట పట్టింది. మేస్త్రీ వచ్చి "సిమెంటు కొట్టేద్దామమ్మా" అన్నాడు. వద్దన్నాను. నున్నటి పీవీసీకి సిమెంటు పట్టదు, కొన్నాళ్లకి బీట ఇస్తుంది. పైగా రేపు లైను మూసుకుపోతే ఊచ దింపే దారి ఉండదు.

మూత పెట్టే ముందు ఒక్కటి చూసుకోండి. గోడ వెంట మేడ దాటి పైకి పోయే పైపు గాలి గొట్టం. దాన్ని మూస్తే, ఫ్లష్ చేసినప్పుడు మిగతా ట్రాపుల్లో నీళ్లు లాక్కుపోయి కంపు ఇంట్లోకే వస్తుంది. పెరటి వాన నీరు ఆ నోట్లోంచే పోతుంటే అదీ మూయకండి, జాలీ వేయించండి.

ఇక మూత. షాపుకి వెళ్లి ఎండ్ క్యాప్ అంటే ముందు సైజు అడుగుతారు. మనం నాలుగంగుళాలు అనేదాని మీద 110 మిల్లీమీటర్లు అని ఉంటుంది. నేను కొలవకుండా వెళ్లి రెండుసార్లు తిరిగాను. పైపు చివర ఇంకో పైపు దూరేలా వెడల్పుగా ఉండే నోరు, అదే సాకెట్, ఉంటే క్యాప్ దాని మీద కూర్చోదు. చిన్న పైపు ముక్క అందులో దించి, దానికి క్యాప్ పెట్టాలి. మరలు ఉన్న క్యాప్ దొరికితే అదే మేలు, అడుగు భాగాన్ని మాత్రమే అతికిస్తే మూతని ఎప్పుడైనా విప్పుకోవచ్చు. చివరను గరుకు కాగితంతో రుద్ది, తడి పూర్తిగా ఆరాక పైపు చివర బయటా, క్యాప్ లోపలా పీవీసీ అతికించే సొల్యూషన్ రాసి, కొంచెం తిప్పుతూ నొక్కి, అర నిమిషం పట్టుకోండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. సొల్యూషన్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. పాత మట్టి పైపయితే ఈ సొల్యూషన్ పనిచేయదు, అక్కడ మేస్త్రీ మాటే వినాలి.

ఈ మూత వరదని కూడా ఆపుతుందని మాత్రం అనుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా ఊళ్లోనే సింగ్‌నగర్ వాళ్లకి తెలిసొచ్చింది నీటి బలం ఏమిటో. ఒక నోరు మూస్తే డ్రైనేజీ నీరు దాని తర్వాత పల్లంగా ఉన్న నోరు వెతుక్కుంటుంది. చాలా ఇళ్లలో అది బాత్‌రూమే.

మా మూత మీద ఇప్పుడు అత్తగారి పుదీనా కుండీ ఉంది. కింద పైపు ఉన్నట్టు గోడ మీద ఎర్ర పెయింటుతో బాణం గుర్తు వేశాను. అది చూసి ఆవిడకి కోపం, గోడ పాడైందని.