లేవీయకాండం దగ్గర ఆగిపోతున్నాను, అయ్యగారూ

యాంకర్: శ్రోతలందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఆత్మీయ జీవితంలో రోజువారీ అలవాట్ల గురించి మాట్లాడుకుంటున్నాం. మచిలీపట్నం నుంచి ఒక సహోదరి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: వందనాలు అయ్యగారూ. నేను నర్సుని. ప్రతి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, ఈసారి బైబిలంతా చదువుతానని తీర్మానం చేసుకుంటాను. రోజుకు మూడు అధ్యాయాలు. మూడో పుస్తకం లేవీయకాండానికి వచ్చేసరికి ఆగిపోతుంది. నైట్ డ్యూటీల్లో రోజులు తప్పుతాయి, బాకీ పేరుకుపోతుంది. ఆ టెన్షన్‌తో బైబిలు తెరవాలంటేనే సిగ్గుగా ఉంటోంది.

పాస్టర్: వందనాలమ్మా. ఆదికాండం 50 అధ్యాయాలు, నిర్గమకాండం 40. రోజుకు మూడు చొప్పున జనవరి 30కి పూర్తవుతాయి. అంటే మీరు నెలరోజులు నిలబడ్డారు, అది తక్కువేం కాదు. ముందు ఆ బాకీ లెక్క కొట్టేయండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం, మన్నా సంగతి గుర్తుందా? ఏ రోజుది ఆ రోజు కూర్చుకోమన్నాడు దేవుడు. విశ్రాంతి దినం కోసం తప్ప, మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. నిన్న చదవలేదా, ప్రభువుకు చెప్పుకుని ఇవాళ్టి భాగం తెరవండి. డ్యూటీ ఏదైనా మీరు మానని పని ఏమిటమ్మా?

కాలర్: టీ అయ్యగారూ. నిద్ర లేవగానే టీ పడాల్సిందే.

పాస్టర్: అయితే బైబిలు వంటగదిలోనే పెట్టుకోండి. లేచేది ఉదయమైనా సాయంత్రమైనా, టీ తాగుతూ ఒక్క అధ్యాయం పైకి చదవండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు చదివినా ఏడాదికి పూర్తవుతుంది, రెండు రోజులు మీ డ్యూటీలకు మిగులుతాయి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. బలుల గురించి చెప్పే లేవీయకాండం తర్వాత చదువుదురు గాని, అప్పుడు యేసు బలి అర్థం ఇంకా బాగా తెలుస్తుంది.

కాలర్: మరి ప్రార్థన? వార్డులో మోకరించే వీలుండదు కదా.

పాస్టర్: బైబిల్లో రాజు దగ్గర పనిచేసిన నెహెమ్యాను చూడండి. రాజు 'నీకేం కావాలి' అని అడిగాడు. జవాబు చెప్పేలోపు ఆయన పరలోకపు దేవునికి ప్రార్థన చేశాడు. ఎంతసేపు ఉంటుందమ్మా అది? ఒక్క ఊపిరి. మీరు ఒక్కో మంచం దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ రోగి పేరు మనసులో ప్రభువుకు చెప్పండి. అయితే నెహెమ్యా అంతకుముందు కొన్ని రోజులు ఉపవాసముండి, కన్నీళ్ళతో ప్రార్థించాడు. కాబట్టి సెలవు రోజున తలుపు వేసుకుని కాసేపు ప్రభువుతో ఒంటరిగా గడపండి. అది మాత్రం మానొద్దు.

కాలర్: గుండె తేలికైంది అయ్యగారూ. వందనాలు.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక సహోదరుడు.

కాలర్: అయ్యగారూ, కుటుంబ ప్రార్థన అంటే మా అబ్బాయి లేచి వెళ్ళిపోతున్నాడు. పదో తరగతి.

పాస్టర్: ఎంతసేపు చేస్తారు?

కాలర్: గంట.

పాస్టర్: వాక్యం ఎవరు చదువుతారు?

కాలర్: నేనే. ప్రార్థన కూడా నేనే.

పాస్టర్: బాబుకు ఏ పనీ లేదన్నమాట. పది నిమిషాలు చాలు నాన్నా. 117వ కీర్తన బాబు చేత చదివించండి, రెండే వచనాలు. పరీక్షల్లో ఏ సబ్జెక్ట్ గురించి భయమో అడిగి, దాని కోసమే ప్రార్థించండి.

కాలర్: లెక్కలంటే భయం వాడికి. ఈ రాత్రే మొదలుపెడతాం అయ్యగారూ.