గురువు చోట దెయ్యం

అందరికీ నమస్కారం.

నార్వేలో జలపాతాల దగ్గర ఫోసెగ్రిమ్ అనే నీటి భూతం ఉంటుందని జానపదులు చెప్పుకునేవారు. ఫిడేలు నేర్చుకోవాలంటే గురువారం సాయంత్రం వెళ్లి దానికి మాంసం సమర్పించాలి. ఎముక మీద మాంసం సరిపడా లేకపోతే, శ్రుతి చేసుకోవడం వరకే నేర్పి పంపించేస్తుంది. నిండుగా ఇస్తే మాత్రం శిష్యుడి కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లన్నీ రక్తం కారేదాకా తీగల మీద లాగుతుంది. ఆ తర్వాత అతను వాయిస్తే చెట్లు ఆడతాయి, జలపాతం ఆగిపోతుంది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ రక్తం. తీగ వాయిద్యం పట్టినవాళ్లని ఎవరినైనా అడగండి, మొదట్లో వేళ్లు ఎంత మండుతాయో చెబుతారు. ఈ కథ అల్లినవాళ్లకి సాధన తెలుసు. శ్రుతి దగ్గరే ఆగిపోయినవాళ్లనీ చూసే ఉంటారు.

అన్ని కథలూ ఇంత నిజాయితీగా ఉండవు. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీనీది దెయ్యం ఇచ్చిన విద్య అని ఊరూరా ప్రచారమైంది. 1840లో ఆయన చనిపోయేముందు చివరి మతసంస్కారం జరగలేదు. దానికి ఈ వదంతి కూడా తోడై, భౌతికకాయం ఏళ్ల తరబడి సరైన ఖననానికి నోచుకోలేదు.

ఇక రాబర్ట్ జాన్సన్. అమెరికాలోని మిసిసిపీలో పుట్టిన ఈ నల్లజాతి గాయకుడు అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో సైతానుకి ఆత్మని అమ్ముకుని గిటార్ విద్య సంపాదించాడంటారు. కూడలి గురించి 1936లో ఆయన రికార్డు చేసిన పాట ఉంది. వినండి. అందులో మోకాళ్ల మీద కూర్చుని దేవుణ్ణి దయ చూపమని అడుగుతాడు. బేరం ఎక్కడా లేదు.

ఈ కథ పుట్టడానికి కారణం ఉంది. కుర్రాడిగా ఉన్నప్పుడు అతను గిటార్ పడితే జనం ఆపమని గోల చేసేవారట. కొంతకాలం కనిపించకుండా పోయి, తిరిగొచ్చి వాయిస్తే అందరూ నోరెళ్లబెట్టారు. మధ్యలో ఏం జరిగింది? ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటార్ వాద్యకారుడి దగ్గర ఉండి నేర్చుకున్నాడు. ఇద్దరూ రాత్రిళ్లు శ్మశానానికి వెళ్లి, సమాధుల మధ్య కూర్చుని సాధన చేసేవారు. ఎంత గట్టిగా వాయించినా ఎవరి నిద్రా పాడవదు కదా!

ఒక నల్లజాతి మనిషి ఇంకో నల్లజాతి మనిషికి ఓపికగా విద్య నేర్పితే, ఆ గురువు చోట జనం దెయ్యాన్ని కూర్చోబెట్టారు. నాకు బాధ అక్కడే. జాన్సన్ 27 ఏళ్లకే పోయినా 29 పాటలు మిగిల్చాడు. జిమ్మర్‌మన్ ఒక్క రికార్డూ చెయ్యలేదు. ఆ రాత్రుల్లో ఆయన ఏం వాయించి చూపించాడో ఇవాళ మనం వినే దారి లేదు.